పెదాలు కదిపితే చాలు

ఆ శుక్రవారం పొద్దున ఓర్విల్ టిబెట్స్ వేసుకున్న పథకంలో చిక్కంటూ ఏమీ లేదు. సినిమాలో ఒక్క షాటు మిగిలింది. తెల్లటి మెట్ల మీద నిలబడి చిన్నారి నెల్డా ఆఖరి పాట పాడుతుంది, కింద నాట్యగత్తెలు చేతులూపుతారు, దాంతో సరి. పాట రికార్డింగు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు రికార్డు తిరుగుతుంటే పిల్ల దానికి తగ్గట్టు పెదాలు కదపాలి, అంతే.

ఓర్విల్ సహాయ దర్శకుడు. హాలీవుడ్‌లో వాన కురిసినా, గుర్రం కుంటినా, హీరో తాగి పడుకున్నా తిట్లు తినడానికి పెట్టుకున్న మనిషిని అలా పిలుస్తారు. ముందురోజు సాయంత్రం స్టూడియో యజమాని స్ట్రాస్‌మాన్ సెట్ మీదికొచ్చి, అందరి ముందూ అతని భుజం తట్టాడు. "రేపటికి ఈ సినిమా అయిపోవాలి. అవ్వలేదనుకో, ఎల్లుండి గేటు దాకా వచ్చే శ్రమ పడకు నాయనా." ఓర్విల్‌కి ఇంట్లో భార్య, పాలు తాగే కవలలు. గేటు బయట పని కోసం నిలబడ్డవాళ్ళ వరస చూస్తే, ఒకసారి బయటికి పోయినవాడు మళ్ళీ లోపలికి రావడం ఈ జన్మకు జరిగేది కాదు.

నెల్డా కారు దిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ప్రచారశాఖ లెక్కలో ఆరేళ్ళే. రోజూ దిగుతూనే కాపలావాడి దగ్గర్నుంచి దీపాలవాళ్ళ దాకా అందర్నీ పలకరించి బుర్ర తినేది. ఆ రోజు మూతి బిగించుకుని దిగింది. వాళ్ళమ్మ కూతుర్ని దింపేసి, జుట్టు వంకీలు తిప్పించుకోవడానికి అదే కార్లో వెళ్ళిపోయింది.

"ఏం బంగారం, అలిగావా?" అన్నాడు ఓర్విల్.

నెల్డా తల అడ్డంగా ఊపింది.

"మరేంటి, గొంతు నెప్పా?"

పిల్ల కాసేపు ఆలోచించి ఔనన్నట్టు తలూపింది. అక్కడ మొదలైంది ఓర్విల్ ఖర్మ.

"ఓస్ అంతేనా! ఇవాళ గొంతుతో మనకేం పని తల్లీ? పెదాలు కదిపితే చాలు."

ఆ మాట వినగానే నెల్డా ముఖం ఇంకా పాలిపోయింది. ఓర్విల్ అది చూశాడు గాని పట్టించుకోలేదు. దుస్తుల గదిలో బ్యూలాకు పిల్లను అప్పగించి, "గొంతు కొంచెం నెప్పిగా ఉందట, మాట్లాడించకు" అని చెప్పి వెళ్ళాడు.

బ్యూలా చెడ్డది కాదు. కాని ఒక మాట నోట్లో పడితే ఉన్నదున్నట్టు బయటికి పంపడం ఆవిడకు చేతకాదు. ముస్తాబు గదికి చేరేసరికి గొంతు నెప్పి గొంతు వాపు అయింది. అక్కణ్ణుంచి క్యాంటీనుకు చేరేసరికి గొంతు మొత్తంగా పోయింది. స్టూడియో డాక్టరు సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నోరు తెరువమ్మా."

నెల్డా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కసారి, ఆ... అను."

"ఊఁహూఁ!" అని ముక్కుతోనే అంది.

డాక్టరు ఇన్నేళ్ళూ తాగి పడిపోయిన హీరోలకు నిమ్మరసం పట్టించడం తప్ప వేరే వైద్యం చేసి ఎరగడు. తాగని రోగిని చూస్తే ఆయనకు భయం. "నోరు తెరవట్లేదంటే దవడ బిగుసుకుందన్నమాట. దవడ బిగుసుకుందంటే..." అని నిట్టూర్చి ఆపేశాడు.

ఆయన ఆపిన వాక్యాన్ని ప్రచారశాఖ స్కైలర్ టెలిఫోన్లో పూర్తి చేశాడు. మధ్యాహ్నానికి రేడియోలో వచ్చేసింది: దేశం ముద్దుబిడ్డ మృత్యువుతో పోరాడుతోంది! గేటు దగ్గర ఆడవాళ్ళు రుమాళ్ళు పట్టుకుని గుమిగూడారు. సినిమా హాళ్ళవాళ్ళు మరీ ముందుచూపుగా నల్ల రిబ్బను కట్టి శవపేటిక మీద పెట్టే పెద్ద పూలచక్రం పంపించారు.

ఓర్విల్ యజమాని గదికి పరుగెత్తాడు. "సార్, పిల్ల బాగానే ఉంది. గొంతు నెప్పంతే. నిజంగా గొంతు పోయినా పర్లేదు సార్, పాట రికార్డై ఉంది కదా. పెదాలు కదిపితే..."

"ఏమయ్యా! పిల్ల ప్రాణం మీదికొస్తే పెదాలంటావేంటి? నీకు మనసనేది ఉందా?" స్ట్రాస్‌మాన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన నిజంగానే ఏడుస్తున్నాడు. అంతలోనే దర్శకుడి వైపు తిరిగి, "ముగింపు మార్చెయ్. ఖాళీ మెట్లు. నల్లబట్టలు. వెనకాల పిల్ల పాట. జనం కుళ్ళి కుళ్ళి ఏడవాలి" అన్నాడు.

దర్శకుడు విషాద చిత్రాలు తీద్దామని ఊరొదిలి వచ్చి, ఏళ్ళ తరబడి ఈ పిల్ల గంతుల మధ్య ఇరుక్కుపోయినవాడు. ఆయన ముఖంలో అంత వెలుగు ఓర్విల్ ఎన్నడూ చూడలేదు. "మెట్లన్నిటికీ నల్లరంగు వెయ్యండ్రా!" అని సెట్ అదిరిపోయేలా అరిచాడు.

రంగు వెయ్యడం కింది మెట్టు నుంచి మొదలైంది. సగం దాకా వచ్చాక గాని, పైమెట్టు మీద నెల్డా ముడుచుకుని కూర్చుని ఉందని ఎవరూ గమనించలేదు. అందరి కళ్ళూ గప్పి ఎప్పుడెక్కిందో ఎక్కింది. ఇప్పుడు దిగే దారి లేదు. నోరు మూసుకునే ఏడుస్తోంది.

ఓర్విల్ నేల మీద చతికిలబడ్డాడు. ఉద్యోగం పోయినట్టే. కవలల పాలు ఎక్కణ్ణుంచి తేవాలో తెలియదు. తను పొద్దున్నుంచి చెబుతున్న ఒక్క మాట ఈ స్టూడియోలో ఒక్కడూ వినలేదు. అతనికి కూడా ఏడుపొచ్చింది. అయినా పైన పిల్ల అలా ఏడుస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు.

"ఉండు తల్లీ, నేనొస్తున్నా!" అని లేచి తడి మెట్లు ఎక్కాడు. సరిగ్గా అప్పుడే స్ట్రాస్‌మాన్, స్కైలర్, పూలచక్రం మోసేవాళ్ళు సెట్లోకి అడుగుపెట్టారు. ఓర్విల్ పైదాకా ఎక్కి, నెల్డాకు చెయ్యందించబోయి, అక్కణ్ణుంచి జారాడు. ఒక్కో మెట్టునీ వీపుతో పలకరిస్తూ కిందికొచ్చి, నల్లటి పిరుదులతో వెళ్ళి పూలచక్రం మధ్యలో కూర్చున్నాడు.

నెల్డా ఆపుకోలేకపోయింది. ఏడుపులోంచే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, నోరంతా తెరిచి పకపకా నవ్వింది. ముందరి పైపన్ను ఉండాల్సిన చోట ఖాళీ సందు దీపాల వెలుగులో అందరికీ కనబడింది.

నెల్డా గబుక్కున నోరు మూసుకుంది. కాని ఆలస్యమైపోయింది.

"రాత్రి యాపిల్ కొరికితే ఊడింది" అంది స్ట్రాస్‌మాన్‌తో, సందులోంచి గాలి పోతుండగా. "షాటు ఆగిపోతుందేమో అనుకున్నా. ఆగితే ఓర్విల్ అంకుల్ని పంపించేస్తారు కదా. నిన్న మీరే అన్నారు. అందుకే నోరు తెరవకుండా పాడదామనుకున్నా."

ఓర్విల్ పూలచక్రంలోంచి లేవలేదు. లేస్తే ఆ పిల్ల ముందు బావురుమంటానని భయం వేసింది. అక్కణ్ణుంచే, "సార్, పళ్ళ డాక్టరు చేత చిన్న కట్టుడు పన్ను పెట్టిస్తే గంటలో షాటు అయిపోతుంది" అన్నాడు.

"కట్టుడు పన్నా? పిచ్చివాడా!" స్ట్రాస్‌మాన్ కళ్ళు మెరుస్తున్నాయి. "ఆ సందు చూశావా? దేశంలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ సందుంది. ప్రతి తల్లీ ముద్దుపెట్టుకుంటుంది! నీ ఉద్యోగానికి ఢోకా లేదు పో."

"థాంక్యూ సార్. అయితే ఇలాగే పాడించేస్తాను."

"ఎలా పాడిస్తావయ్యా? మొదటి సీన్లో ఉన్న పన్ను ఆఖరి సీన్లో ఏమైందని జనం అడగరూ? మొదటి షాటు నుంచీ మళ్ళీ తియ్యి. పాటలూ మళ్ళీ రికార్డు చెయ్యి. ఆ సందులోంచి పోయే గాలి వినపడాలి!"

పొద్దున్నుంచి ఎవరికీ అక్కర్లేని గొంతు సాయంత్రానికి అందరికీ కావలసివచ్చింది. ఓర్విల్ మళ్ళీ మొదటి షాటు నుంచి మొదలుపెట్టాడు. కాయితాల గుట్టతో, నిద్రలేని కళ్ళతో, ఇంటికెళితే కవలలు ఎవరో కొత్తవాడనుకుని ఏడ్చే దాకా తీశాడు. మెట్లకు తిరిగి తెల్లరంగు వేయించాడు. చివరికి ఆఖరి పాట, ఆఖరి షాటు, మరో పొద్దున వచ్చాయి.

నెల్డా కారు దిగింది. మూతి బిగించుకుని ఉంది.

ఓర్విల్ ఏమైందని అడగలేదు, డాక్టరును పిలవలేదు, బ్యూలాను ఆ చుట్టుపక్కలకు రానివ్వలేదు. పిల్లను సెట్ వెనక్కి తీసుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, "చూపించు తల్లీ" అన్నాడు. నెల్డా భయం భయంగా నోరు తెరిచింది. సందు మధ్యలో కొత్త పన్ను బియ్యపుగింజంత తెల్లగా మెరుస్తోంది.

ఓర్విల్ లేచి ప్యాంటు దులుపుకుని, అప్పుడు మెట్లకు వేయగా మిగిలిన నల్లరంగు డబ్బా, బియ్యపుగింజకు సరిపోయే కుంచె ఎక్కడున్నాయని అడిగాడు.