లోయిస్ ఎత్తిన చెయ్యి

ఆ శనివారం లోయిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పంజాగుట్టలో కాలేజీ విద్యార్థుల ప్రార్థన కూటానికి వెళ్ళడం, రెండేళ్ళ కొడుకు లెవీని భర్త రాబిన్‌కి అప్పజెప్పడం, పన్నెండు లోపల శ్రీనగర్ కాలనీలోని డేకేర్‌కి చేరడం. ఇంటర్ సగంలో ఆపేసిన తనను ఎవరైనా ఉద్యోగానికి రమ్మనడం ఇదే మొదటిసారి. ఆలస్యమైతే ఇంకొకామెను తీసుకుంటామని అక్కడి మేడమ్ ముందే చెప్పేసింది.

"ప్రార్థన అయిపోగానే వాణ్ణి నేను పట్టుకుంటా," అన్నాడు రాబిన్, అమీర్‌పేటలో ఇంటికి తాళం వేస్తూ.

"పోయినసారి సుత గిట్లనే అన్నరు."

"పోయినసారి ఉపవాస ప్రార్థన. అది వేరు."

చదువు ఎందుకు, విశ్వాసం ఎందుకు, బతుకు ఎవరి కోసం అన్నది ఆనాటి కూటం అంశం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాబిన్ వేదికెక్కి చాలాసేపు మాట్లాడాడు. "ఏసీ గదులు వదలండి తమ్ముళ్ళూ. దేవుడు రేపు అడవికి పొమ్మంటే అక్కడ సిగ్నల్ ఉందా అని అడగొద్దు." చివరి వరసలో లోయిస్ కొడుకు నోట్లోంచి ఎవరిదో చెప్పు లాగేసి గడియారం చూసింది. పదకొండున్నర.

అప్పుడే జ్ఞానరాజు పాస్టర్ గారు మైకు అందుకున్నారు. "అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. ఎవరూ ఎవరినీ చూడొద్దు. అడవి పల్లెల్లో ఏడాది పాటు పూర్తికాల సేవకు సమర్పించుకునేవాళ్ళు చెయ్యెత్తండి." వెనక కీబోర్డు మెల్లగా మొదలైంది.

ఆ కీబోర్డు మొదలైతే ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. లోయిస్ వేదిక మీది రాబిన్‌కి కనబడేలా చెయ్యెత్తి ఊపింది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చూడొద్దన్న నియమం పాస్టర్ గారికి వర్తించదు.

"చూశానమ్మా, నీ చెయ్యి చూశాను."

కాదు కాదన్నట్టు లోయిస్ రెండో చెయ్యీ ఊపింది.

"రెండు చేతులూ ఎత్తింది. స్తోత్రం."

ఇక కుర్రకారు ఆగలేదు. హాలు నిండా చేతులు లేచాయి. సంఘంలో పెద్దదైన దేవమణి అక్క కన్నీళ్ళు తుడుచుకుంటూ వచ్చి, తల్లినీ బిడ్డనూ వేదిక వైపు నడిపించింది.

"అక్కా, నేను జల్ది పోవాలె."

"పోదువు గానీ. గదే ఆత్రం మా అందరికీ ఉంటే ఎంత బాగుండు."

"ఈ కుటుంబం ఆదిలాబాద్ అవతల అడవి పల్లెల్లో ఏడాది సేవకు సిద్ధపడింది," అని పాస్టర్ గారు ప్రకటించారు. అప్పుడు తెరుచుకున్నాయి రాబిన్ కళ్ళు.

"ఏం చేసినవ్ నువ్వు?" గొణిగాడు.

"మిమ్మల్నే పిలిచిన, లెవీ డాడీ."

మైకు రాబిన్ దగ్గరికి వచ్చింది. "అడ్డంకి ఏమైనా ఉందా బ్రదర్?"

"అడ్డంకని కాదండీ. సోమవారం ప్రాజెక్టు రిలీజ్ ఉంది. అడవిలో సిగ్నల్ కూడా..." అని మిగతా మాట మింగేశాడు. "అయినా సేవ ఇంటి దగ్గరే మొదలుకావాలి కదండీ."

లోయిస్ మైకు తనవైపు తిప్పుకుంది. "శ్రీనగర్ కాలనీల చిన్నపిల్లల్ని చూసుకునే పనికి రమ్మన్నరు అయ్యగారూ. పన్నెండు దాటితే వేరేటోళ్ళను పెట్టుకుంటరు. వీణ్ణి పట్టుకునేటోళ్ళే లేరు."

పాస్టర్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. చేతికందిన సమర్పణను వదులుకోవడం ఆయనకు అలవాటు లేదు. "చూశారా, సేవాస్థలాన్ని దేవుడే దగ్గరికి తెచ్చాడు. ఇంటి దగ్గర మొదలుపెడతానన్నారు కదా బ్రదర్, ఇవాళ్టి నుంచి ఈ బిడ్డే మీ పరిచర్య."

చప్పట్ల మధ్య లెవీ తండ్రి చేతుల్లోకి మారాడు. లోయిస్ గబగబా బయటికొచ్చింది. ఆటో దొరికితే అందుకోవచ్చు. చెప్పులు వేసుకుంటుంటే లోపల మళ్ళీ కీబోర్డు మొదలైంది.

"భోజనాలయ్యాక గిన్నెలు తోమడానికి ఎవరు సిద్ధమో, కళ్ళు మూసుకుని చెయ్యెత్తండి."

కిటికీలోంచి తొంగి చూసింది. అడవికి సిద్ధపడ్డ చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. రెండు చేతులా లెవీని పట్టుకున్న రాబిన్ కూడా చెయ్యెత్తలేదు.

పాపం, సాకు ఉన్నది అతనొక్కడికే.