నిమ్మమొక్కకు తలంటు

ఆ శనివారం పొద్దున అకౌంటెంటు వేసుకున్న పథకం చిన్నదే. బాల్కనీలోని నిమ్మమొక్కను శుభ్రం చేయడం, మర్నాడు మేనేజరు చేత సీతాకోకచిలుకను ఫొటో తీయించడం, నెలాఖరుకి ఖాళీ అయ్యే అసిస్టెంట్ మేనేజరు కుర్చీ ఎక్కడం.

మేనేజరుకి సీతాకోకచిలుకల పిచ్చి. నలుపు మీద పసుపు మచ్చలు, కింది రెక్కకు ఎర్రచుక్క ఉన్నదొకటి తమ నిమ్మమొక్కను వదలడం లేదని అకౌంటెంటు ఆఫీసులో కోతలు కోశాడు. "చాలా అరుదైన జాతి సార్. వీటి మీద నాకు కాస్త పరిజ్ఞానం ఉంది." ఆ పరిజ్ఞానం ముందురోజు ఫోన్లో బొమ్మలు చూసి సంపాదించింది.

తీరా చూస్తే మొక్క నిండా పిట్టరెట్టలు, లావుపాటి పచ్చపురుగులు. అతను లుంగీ ఎగ్గట్టాడు. బకెట్టు తెచ్చాడు.

"వాటి జోలికి పోకండి," అంది భార్య వంటింట్లోంచి. "మొక్క నాది. పురుగుల బాధేదో నేను పడతాను, మీరు పేపరు చదువుకోండి."

"నువ్వుండవే! ఇంత మురికిలో అంత అందమైనది వాలుతుందా?"

రెట్టలు కడిగేశాడు. పురుగుల్ని పుల్లతో ఏరి వీధిలోకి విసిరాడు. కొమ్మకు వేలాడుతున్న ఎండుటాకు ఒకటి మిగిలింది. ఆ కొమ్మనీ కత్తిరించి కిందికి పడేశాడు. అది కింది వాటాలో ఉండే స్టోర్‌కీపరు పూలకుండీలో పడింది. స్టోర్‌కీపరుదీ అదే ఆఫీసు, అతని కన్నూ అదే కుర్చీ మీద. 'వాడి మొహానికి చెత్తే ఎక్కువ' అనుకున్నాడు అకౌంటెంటు.

ఆదివారం మేనేజరు పొడుగాటి కెమెరాతో దిగాడు. మొక్క అద్దంలా మెరుస్తోంది.

"పురుగులేవయ్యా?"

"ఒక్కటి లేకుండా ఏరేశాను సార్!"

"పిట్టరెట్టల్లాంటివి ఉండాలే?"

"కడిగేశాను సార్."

"ఎండుటాకులా వేలాడేది?"

ఈసారి గొంతు సగమే లేచింది. "కత్తిరించాను... సార్."

మేనేజరు కెమెరాకు మూత పెట్టేశాడు. "రెట్టలా ఉండేది దాని పసిపిల్ల. పచ్చపురుగు ఎదిగిన పిల్ల. ఎండుటాకు దాని గూడు. నిర్వంశం చేశావు కదయ్యా!"

"మొక్క నాది సార్," అంది భార్య మంచినీళ్లు అందిస్తూ. "తెలివి మాత్రం ఆయనది."

అంతలో కిందనుంచి కేక. "సార్! మీ కారు చూసి పిలుస్తున్నా. నా కుండీలో ఎండుటాకు కదులుతోంది, వచ్చి చూడండి!"

మేనేజరు మెట్లు దూకుతూ దిగాడు. గూడు చీల్చుకుని, తడిరెక్కలు విప్పుకుంటూ బయటికొస్తోంది, నలుపు, పసుపు, ఎర్రచుక్కతో సహా. ఫొటోలు తీసీ తీసీ ఆయన స్టోర్‌కీపరు భుజం తట్టాడు. "ఇది అరుదేం కాదు, నిమ్మమొక్కున్న ప్రతి ఇంట్లోనూ తిరుగుతుంది. గూట్లోంచి వస్తుంటే చూడ్డం ఉందే, అదీ అరుదు! ఎండుటాకుని కూడా పారేయకుండా చూసుకునే నీలాంటివాడు కావాలయ్యా ఆఫీసుకి."

అకౌంటెంటు నోరు తెరిచాడు. ఆ కొమ్మ తనదే అందామంటే, దాన్ని పక్కవాడి కుండీలోకి పారేసిన చెయ్యీ తనదే. మూసుకున్నాడు.

నెలాఖరున కొత్త అసిస్టెంట్ మేనేజరుకి పూలగుత్తి అందించే బాధ్యత అకౌంటెంటు మీదే పడింది. అందులో ఎండుటాకు ఒకటి కనిపించినా అతను ముట్టుకోలేదు.