ఉప్పుకాలువలో టేకు మంచం

భార్యను ఎక్కించుకున్న రేపల్లె బస్సు మలుపు తిరగగానే, రామబ్రహ్మం టేకు మంచాన్ని ఉప్పుకాలువకు ఈడ్చుకెళ్లాడు. దాన్నిండా నల్లులు. ఆ మాటంటే రత్నకుమారి ఊరుకోదు. అది వాళ్లమ్మ మంచం. ఆమె సాయంత్రం వచ్చేలోగా నానబెట్టి, ఎండబెట్టి, ఏమీ ఎరగనట్టు వేసెయ్యాలని అతని ఎత్తు.

నీళ్లు పడమటికి పోతున్నాయి. మంచాన్ని రెండు గుంజలకు ఆనించి వదిలితే ప్రవాహమే అదిమిపట్టింది. తాడెందుకు దండగ అనుకుని, తువ్వాలు మాత్రం మంచంకోడుకు చుట్టి, టిఫిన్‌కు పోయాడు. సముద్రానికి దూరంగా అంగలకుదురులో పుట్టినవాడు, కాలువంటే ఒకవైపే పారుతుందని అతని నమ్మకం. అత్తారి ఊరికి కాపురం మార్చి నెల కాలేదు. ఇక్కడి కాలువ సముద్రం పోటు మీదుంటే ఊరివైపు, పాటు మీదుంటే సముద్రంవైపు పారుతుంది. ఈ సంగతి అతనికెవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

తిరిగొచ్చేసరికి నీళ్లు తూర్పుకు పోతున్నాయి. మంచం లేదు. ఈ వింతేమిటా అని కాసేపు నీళ్లనే చూసి, తరువాత గట్టెంట పరుగెత్తాడు. ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది.

దిగువన చేపలవాళ్ల పాలెంలో అంద్రెయ వలకు మంచం చిక్కింది. జనం మూగి ఫోన్లతో ఫొటోలు తీస్తున్నారు.

"మంచం వచ్చింది సరే, మనిషేడి?" అంటున్నాడు అంద్రెయ. "నిద్దట్లోనే కొట్టుకొచ్చాడేమో!"

నాదేనని నోరు తెరవబోయిన రామబ్రహ్మం, ఫోన్లు చూసి మూసుకున్నాడు. "పాపం, ఎవరో!" అన్నాడు.

"చూస్తా నిలబడ్డారేంటి బాబాయ్? పడవెక్కండి, వెతుకుదాం!"

ఎక్కక తప్పలేదు. గంటసేపు నీళ్లలో మొలిచిన మడచెట్ల సందుల్లో తనకోసం తనే వెతికాడు. ఆ మనిషికి ఎంత వయసుంటుందో, పిల్లలెందరో అని మిగతావాళ్లు చెప్పుకుంటుంటే అతనికీ కుతూహలం పుట్టింది. కొంచెం జాలి కూడా వేసింది.

ఈలోగా ఫొటో రేపల్లె చేరింది. రత్నకుమారి ఆటోలో వచ్చి గట్టు మీద కూలబడింది. "తువ్వాలు మా ఆయనదేనండీ! ఫోన్ ఎత్తట్లేదండీ! పాడు మంచం, ఆయన్ని తెచ్చిపెట్టినవాళ్లకే ఇచ్చేస్తా!"

ఆ మాట పడవదాకా వినిపించింది. పాతికేళ్ల కాపురంలో తను మంచంకంటే ఎక్కువని రామబ్రహ్మానికి అప్పుడే తెలిసింది. కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"రత్నం, నేనిక్కడున్నానే!"

అంద్రెయ నోరెళ్లబెట్టి, పడవ ఒడ్డుకు తెచ్చాడు. రత్నకుమారి మొగుడి చేయి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, అసలు సంగతంతా విని మళ్లీ నవ్వింది.

"మనిషిని తెచ్చానుగా అక్కా," అన్నాడు అంద్రెయ వినయంగా. పాలెమంతా సాక్ష్యం.

మొగుడు దొరికాడన్న సంతోషం రత్నకుమారికి మంచం అంద్రెయ పడవెక్కేదాకా ఉంది.