నాలుగో గడిలో సున్నా

నిప్పును మనిషి ఎప్పుడు కనిపెట్టాడన్న విషయంలో పండితులకు అభిప్రాయ భేదాలున్నాయి గానీ, ఆడపిల్లలు దాన్ని ఎలా రాజేయాలన్న విషయంలో బాలికా సేవాదళానికి మాత్రం ఏ సందేహమూ లేదు. 1962 నాటి నిబంధనల పుస్తకం ప్రకారం రెండంటే రెండే అగ్గిపుల్లలతో రాజేయాలి. ఆ పుల్లలు జిల్లా కార్యాలయం సీలు వేసి పంపిన పెట్టెలోవే అయి ఉండాలి. (బజారు పుల్లల నడవడికకు సేవాదళం పూచీ పడదు.)

మక్తల్ దగ్గరి పల్లెలో ఏడో తరగతి చదివే గుర్వమ్మకు ఈ నిప్పు పతకం ఒక్కటే మిగిలింది. ముడుల పతకం, కట్టుకట్టే పతకం, సత్యవాక్కు పతకం అప్పటికే ఆమె జాకెట్టుకు వేలాడుతున్నాయి. నాలుగూ ఉన్న పిల్లకు మహబూబ్‌నగర్ హాస్టల్లో సీటు. లేని పిల్లకు ఊళ్లో ఎనిమిదో తరగతి లేదు గనక, బాపు ఐలేశం వెంట గొర్లమంద.

పరీక్ష రోజున పర్యవేక్షకురాలు శ్యామలమ్మగారు బస్సులో దిగారు. సీలు పెట్టె ఉన్న ట్రంకు బస్సు టాపు మీద వచ్చింది. దారి పొడుగునా వాన. సీలు చెక్కుచెదరలేదు, లోపలి పుల్లలు మాత్రం నానిన అటుకుల్లా ఉన్నాయి.

మొదట పట్వారీగారి అమ్మాయి అండాలు వచ్చింది. ఒక పుల్ల గీసింది, తల ఊడింది. రెండోది గీసింది, విరిగింది. శ్యామలమ్మగారు ఫారం నాలుగో గడిలో 'వాడిన పుల్లలు: రెండు' అని రాసి, కింద 'ఉత్తీర్ణురాలు' అన్నారు. నిప్పు రాజుకుందా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. (పుల్ల గీశాక రాజుకోక ఏం చేస్తుందని అచ్చు వేయించినవారి నమ్మకం.)

గుర్వమ్మ పెట్టె వైపు చూసి, ఒడిలోంచి చెకుముకి రాయి, ఇనుప ముక్క, మాడిన దూది తీసింది. వానలో మంద కాసేవాళ్ల ఇళ్లలో అందరూ చేసే పనే. నాలుగు దెబ్బలకు దూది అంటుకుంది, మంట లేచింది. చలికి వణుకుతున్న శ్యామలమ్మగారికి ఆ మంట మీదే మేకపాలతో చాయ్ కాచి ఇచ్చింది. ఆవిడ రెండు గ్లాసులు తాగారు.

"ఎన్ని పుల్లలు వాడావమ్మా?"

"ఒక్కటి గూడ వాడలేదమ్మా. గీ రాయితోనే అంటుకుంది."

"అయితే సున్నా. సున్నా అంటే పరీక్షకు రానట్టు."

"నేనిక్కడ్నే ఉన్న గదమ్మా!"

"ఉన్నావు, నేను కాదనడం లేదు. ఫారం ఒప్పుకోవాలి కదా."

పక్కనే నిలబడ్డ బడి పంతులమ్మ సత్తమ్మ వంగింది. గుర్వమ్మ చెవిలో, "రెండని చెప్పు బిడ్డా, ఎవలడుగుతరు" అంది.

గుర్వమ్మ చేయి తనకు తెలియకుండానే జాకెట్టు మీది మూడో పతకం మీదికి పోయింది. "వాడనిది వాడిన్నని ఎట్ల చెప్త టీచరమ్మా?"

శ్యామలమ్మగారు ఆ జవాబును మెచ్చుకున్నారు. సత్యవాక్కు పతకం అర్హురాలికే దక్కిందని సంతోషించి, నాలుగో గడిలో సున్నా చుట్టారు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. అప్పటికి అండాలు హాస్టల్లో చేరి వారమైంది. గొర్లదొడ్డి దగ్గర ఐలేశం కవరును అటూ ఇటూ తిప్పి బిడ్డ చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో చదవగలిగింది ఆమె ఒక్కతే.

"ఏం రాసిండ్రు బిడ్డా? సీటిచ్చిండ్రా?"

గుర్వమ్మ కవరు చింపింది. బడిలో నేర్పినట్టు అక్షరం పోకుండా పైకి చదివింది.

"అభ్యర్థిని పరీక్షకు హాజరు కాలేదు. ఆమె పెట్టిన చాయ్ బాగున్నది."