ఎల్డన్ ట్విచెల్ గారి అల్యూమినియం తలుపు

మనిషి ఎలాగూ ఏదో ఒకనాటికి పోతాడు. తలుపు పోకుండా చూసుకోవడమే నాగరికత. ఈ సత్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టింది మాసచూసెట్స్‌లోని నార్త్ బెక్లీ ఊరి వారసత్వ సంరక్షణ సంఘం. (ఐదుగురు సభ్యులు, ఒక సుత్తి, నెలకో మంగళవారం.) వీధిలోంచి కనపడే దేన్నీ సంఘం అనుమతి లేకుండా మార్చకూడదు. యాభై ఏళ్లు నిండినదైతే అసలు ముట్టుకోనే కూడదు.

లొరెయిన్ ట్విచెల్‌కి ఈ రూల్సన్నీ కంఠతా వచ్చు. 1974 అక్టోబరులో, అప్పటి అధ్యక్షుడు వేటకి వెళ్లిన శనివారం చూసుకుని, ఆమె మొగుడు ఎల్డన్ వీధి గుమ్మానికున్న చెక్క తలుపు పీకేసి ఇరుకుపాటి అల్యూమినియం తలుపొకటి బిగించాడు. అది మొదలు ప్రతి ఏప్రిల్‌లోనూ సంఘం నుంచి ఒకటే ఉత్తరం: సదరు కురూపి తలుపును తక్షణం తొలగించవలెను. ఎల్డన్ ఆ ఉత్తరాలతో పొయ్యి అంటించేవాడు. (మంచి కాగితం, ఇట్టే అంటుకునేది.)

ఈ జనవరిలో పేపరు తెచ్చుకోబోయి, మెట్ల మీద మంచుకి జారి ఎల్డన్ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనయ్యాక పునరావాస కేంద్రంలో పెట్టారు. చక్రాల కుర్చీ పట్టే తలుపూ, దాని ముందు ఏటవాలు దారీ ఉంటేనే ఇంటికి పంపిస్తామన్నారు అక్కడివాళ్లు. లొరెయిన్ ఎగిరి గంతేసింది. యాభై ఏళ్లకి ట్విచెల్ కుటుంబమూ సంఘమూ ఒకే మాట మీదికొచ్చాయి మరి. ఆ తలుపు పీకించి, వెడల్పాటి చెక్క తలుపు పెట్టిస్తానని ఏడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకుంది.

మార్చి మంగళవారం సమావేశం మొదలుపెడుతూ అధ్యక్షురాలు ప్రూడెన్స్ ఎయిమ్స్ బల్ల మీద సుత్తి కొట్టింది. ఎల్డన్ పడ్డప్పటి నుంచీ శనివారం శనివారం తను వండిన బీన్స్ కుండ పట్టుకుని, అదే తలుపులోంచి పక్కకి తిరిగి దూరి వస్తున్న స్నేహితురాలే ఆవిడ. సుత్తి పడ్డాక మాత్రం ఆవిడకి ఎవరూ తెలియరు.

"దరఖాస్తుదారు చింతించవలసిన విషయం. మొన్న అక్టోబరుతో ఆ తలుపుకి యాభై నిండాయి."

"అయితే?"

"అయితే ఏముంది, చరిత్ర అయిపోయింది. ఇంటి యజమాని మొండితనానికి మన ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క నమూనా."

"పోయిన ఏప్రిల్లో కూడా పీకెయ్యమని రాసింది నువ్వే కదే, ప్రూ?"

"అప్పటికింకా నిండలేదుగా."

"పోనీ, వెనక తలుపు వెడల్పు చేయించుకుంటా."

సభ్యుడు వెండెల్ కాబ్ లేచాడు. ఆయన అప్పటికే ఆ ఇంటి వెనకున్న శ్మశానం రోడ్డెక్కి, మునివేళ్ల మీద నిలబడి, బైనాక్యులర్స్‌తో చూసొచ్చాడు. "కనపడుతోందండీ. పై మడతబందు."

"చెట్లకి ఆకుల్లేక కనపడింది. ఆకులొచ్చాక?"

"వచ్చినవి రాలతాయి కదండీ." వెండెల్ కాగితం తిప్పాడు. "అన్నట్టు, ఎల్డన్‌గారి తుంటి మార్చారట. మొదట్లో ఉన్న పదార్థంతోనేనా?"

"టైటానియం."

"వీధిలోంచి కనపడదు కనక అభ్యంతరం లేదు."

లొరెయిన్‌కి ఒళ్లు మండిపోయింది. "ఆయనకి ఎనభై. మీ లెక్కన ఆయనా చరిత్రే. ఆయన్నెవరు కాపాడతారు? ఒక్కదాన్నే కూర్చుని కాఫీ తాగాలంటే ఏడుపొస్తోంది, ప్రూ."

ప్రూడెన్స్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నిజంగానే బాధపడింది పాపం. సంఘం దరఖాస్తు కొట్టేసి, తన సానుభూతిని మాత్రం మినిట్స్ పుస్తకంలో ఏకగ్రీవంగా రాయించింది. అంతటితో ఊరుకోక, తలుపు పక్కన కంచు ఫలకం కూడా మంజూరు చేసింది.

జూన్‌లో ఆవిష్కరణ. ముఖ్య అతిథి ఎల్డన్. మెట్లెక్కలేడు కనక ఫలకం మీది గుడ్డకి పొడుగాటి తాడు కట్టి, వీధిలో చక్రాల కుర్చీలో ఉన్న ఆయన చేతికిచ్చారు. లాగాడు. "ట్విచెల్ ద్వారం, 1974." అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది ఎల్డన్?" అని అడిగింది ప్రూడెన్స్.

"ఇక్కణ్నుంచి బాగానే కనపడుతోంది," అన్నాడు ఎల్డన్.

లొరెయిన్ ఆయన చెయ్యి వదల్లేదు. నిమ్మరసాలు తాగారు, ఫొటోలు దిగారు. నాలుగింటికి వ్యాను వచ్చి ఎల్డన్‌ని మళ్లీ పునరావాస కేంద్రానికి తీసుకుపోయింది. తలుపు ఇంటి దగ్గరే ఉంది.