జ్ఞానశేఖర్ కళ్ల గురించి ఒక మనవి

ఆ బుధవారం పొద్దున జ్ఞానశేఖర్ పెట్టుకున్న పని పెద్దదేం కాదు. అయిదింటికి లేచి రెండు క్యారెట్లు నమలడం, సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి దూరంగా వచ్చే ఇంజను మీద నంబరు చదవడం, ఇంటికొచ్చి అట్లు తినడం. అట్లు మాడాయి, మిగతావి బాగానే జరిగాయి. ఆ ఇంట్లో ఈమాత్రమైనా అనుకున్నట్టు జరిగిన ఆఖరి పొద్దు అదే కాబట్టి ఈ వివరాలు చెప్పాల్సి వచ్చింది.

వచ్చే సోమవారం అతనికి కళ్ల పరీక్ష. అది నెగ్గితే మెట్రో రైలు నడిపే ఆపరేటరుగా శిక్షణలో చేర్చుకుంటారు. రాతపరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది, ఇక కళ్లే మిగిలాయి. ఎలక్ట్రికల్ డిప్లొమా పెట్టెలో దాచుకుని, ఆరేళ్లుగా రెజిమెంటల్ బజార్‌లో కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుడుతున్న మనిషికి ఇది మామూలు అవకాశం కాదు. పైగా ఇరవై ఎనిమిది నిండితే తీసుకోరు. అతనికి ఇంకా మూడు నెలలే ఉంది. ఇది తప్పితే మళ్లీ తీగ చుట్టుకోవడమే.

అప్పటికి ఊళ్లో మెట్రో రైలన్నది లేదు. మెట్టుగూడ రోడ్డు మధ్యలో స్తంభాలు లేచాయి గానీ వాటి మీద కాకులు తప్ప మరేమీ లేవు. అయినా శేఖర్ షాపు నుంచి రాగానే కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతిలో అట్లకాడ పట్టుకుని బండి నడపడం సాధన చేసేవాడు. వాళ్లమ్మ దేవకృపమ్మ మిషన్ స్కూల్లో టీచరు. సాయంత్రం కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతూనే ప్రయాణికురాలిగా వంటింటి గుమ్మంలో నిలబడేది.

"తలుపులు మూసుకుంటున్నాయి," అనేవాడు శేఖర్.

"మెల్లగా మూయరా, కొంగు పడుతుంది," అనేది ఆమె.

ఈ సంగతి తల్లీకొడుకులకు తప్ప మూడో మనిషికి తెలియదు. దానికి కారణముంది. రెండేళ్ల కిందట ఒక సర్కారు కొలువు జాబితాలో శేఖర్ పేరు పడితే, దేవకృపమ్మ ఆగలేక కృతజ్ఞతా కూడిక పెట్టించి చర్చి సంఘంలో ఎనభై మందికి బిర్యానీ వడ్డించింది. వారం తిరక్కుండా ఆ జాబితా రద్దయింది. బిర్యానీ తిన్న ఎనభై మందీ వరసపెట్టి పరామర్శకు వచ్చారు. వాళ్లందరికీ మళ్లీ టీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ టీ ఆమె ఇంకా మరిచిపోలేదు.

"జాయినింగ్ లెటర్ చేతికొచ్చేదాకా నోరెత్తకు," అని కొడుక్కి గట్టిగా చెప్పింది.

మనుషులకు చెప్పకపోతే సరే, ప్రార్థన లేకుండా ఎలా? కళ్ల పరీక్షంటే మాటలా? అందుకని ఆ బుధవారం స్త్రీల కూడికలో లేచి నిలబడి, "మా శేఖర్ కళ్ల కోసం ప్రార్థించండమ్మా. ఇంతకు మించి నన్నేమీ అడగొద్దు," అని కూర్చుంది. మొదటి మాటతో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. రెండో మాటే కొంప ముంచింది.

ఆ సంఘంలో గొలుసు ప్రార్థన అని ఒక ఏర్పాటుంది. మనవి వస్తే ఒకావిడ అరగంట ప్రార్థన చేసి, వరసలో ఉన్న తర్వాతావిడకు ఫోన్ చేసి అందిస్తుంది. ఆవిడ ఇంకొకరికి. ఈ గొలుసుకు పెద్ద డోరా గారు. టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయిన మనిషి, కబురు దారిలో ఆగిపోతే ఆమెకు అన్నం సహించదు. గొలుసులో ఎవరూ అబద్ధం ఆడలేదు. అవతలి మనిషి భారంతో ప్రార్థించాలని తలా ఒక మాట కలిపారంతే. కళ్లు అన్నది మసకబారిన కళ్లయింది, బొల్లారం చేరేసరికి ఒక కన్ను పోయింది, తిరిగి వచ్చేసరికి రెండోదీ పోయింది.

వరసలో ఆఖరి పేరు దేవకృపమ్మదే. సాయంత్రం ఫోన్ మోగింది. "ఎవరో ఒక తల్లట వదినా, ఒక్కడే కొడుకట. రెండు కళ్లూ పోయాయట. పేరు గుర్తులేదు గానీ భారంగా ప్రార్థించు," అన్నారు అవతల. దేవకృపమ్మ మోకాళ్ల మీద కూలబడి, ఎవరో తెలియని ఆ తల్లి కోసం అరగంట సేపు వెక్కివెక్కి ఏడ్చింది. లేచి కొడుకు తల నిమిరి, "మనమెంత నయంరా," అంది.

గురువారం శేఖర్ మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు సుమిత్ర పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. డోరా గారు ఆమెకు కూడా ఫోన్ చేసి, పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పారు మరి.

"పయిలం బిడ్డా, ఇంక మూడు మెట్లున్నయ్."

"నాకు కనబడుతున్నాయి ఆంటీ."

"గట్లనే అనాలె. దైర్నం ఇడ్సద్దు. ఏం తక్లీఫున్నా నాకు జెప్పు," అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం నుంచి జనం రావడం మొదలైంది. ఒకరు క్యారెట్లు కాదు, పొన్నగంటి కూర మంచిదన్నారు. ఇంకొకరు మోచేతి దగ్గర పట్టుకుని అతణ్ణి అతని సొంత మంచం దాకా నడిపించారు. "నాకేం లేదండీ, బాగానే ఉన్నాను," అని శేఖర్ ఎంత మొత్తుకుంటే అంతగా "చూశారా, ఎంత నిబ్బరమో!" అని ముక్కున వేలేసుకున్నారు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిస్తే తల్లి వెనక నుంచి గిల్లేది. శనివారానికి అతని వీపు కమిలింది.

ఆ శనివారమే పాస్టరు యేసుదాసు గారు వచ్చారు. మెత్తని మనిషి, చీమకు కూడా దారిచ్చే రకం. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, శేఖర్ నుదుటి మీద రాయవలసిన ప్రార్థన నూనెను, చెయ్యి వణికి, రెండు కళ్లలోనూ ఒలకబోశారు.

సోమవారం పరీక్ష చేసే డాక్టరు శేఖర్ కళ్లు చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏమిటయ్యా ఈ ఎరుపు?"

"నూనె పడిందండీ."

"కళ్లలో నూనె ఎవరైనా పోసుకుంటారా?"

"నేను పోసుకోలేదండీ. మావాళ్లు పోశారు."

డాక్టరు మంచివాడే. చుక్కల మందు రాసిచ్చి, గురువారం రమ్మన్నాడు. ఆ మూడు రోజులూ వెలుతురు పడకూడదని నల్లద్దాలు పెట్టుకోమన్నాడు. శేఖర్ పెట్టుకున్నాడు. ఆ అద్దాలతో అతను వీధిలోకి రాగానే, అప్పటిదాకా అనుమానంగా ఉన్న ఇద్దరు ముగ్గురికి కూడా అనుమానం తీరిపోయింది.

గురువారం పరీక్ష నెగ్గాడు. ఆరుకి ఆరు. రంగులు కూడా బ్రహ్మాండంగా చెప్పాడు. ఇక ఇంటి అడ్రసు చూసుకోవడానికి కంపెనీ మనిషి వస్తాడు, ఆపైన జాయినింగ్ లెటరు, వచ్చే సోమవారం కాక పై సోమవారం శిక్షణ. ఆ పూట తల్లీకొడుకులిద్దరూ తలుపు గడియ పెట్టుకుని, చప్పుడు కాకుండా సేమ్యా పాయసం తాగారు.

ఆదివారం శేఖర్ అద్దాలు లేకుండా గుడికి వెళ్లాడు. అది చూసి యేసుదాసు గారు ప్రసంగం మధ్యలో ఆగిపోయారు. వేదిక మీద నుంచే పాటల పుస్తకం తెరిచి చూపించి, "బాబూ, ఈ నంబరు కనబడుతోందా?" అన్నారు.

"రెండొందల పదకొండు అండీ."

యేసుదాసు గారు పుస్తకం మూసేశారు. "ఎప్పట్నుంచి నాయనా?"

అబద్ధం ఆడటం శేఖర్‌కి చేతకాదు. "ఎప్పుడూ కనబడేదండీ. గురువారం డాక్టరు గారు కూడా చూసి ఆరుకి ఆరు అన్నారు," అన్నాడు. మొదటి వాక్యం ఎవరికీ వినబడలేదు. రెండో వాక్యం అయ్యేసరికి స్తోత్రాలతో పైకప్పు లేచిపోయింది. డోరా గారు వెక్కుతూ వచ్చి అతణ్ణి కావలించుకున్నారు. దేవకృపమ్మ తల వంచుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది. లెటరు ఇంకా రాలేదు కదా.

మంగళవారానికి కరపత్రాలు అచ్చయ్యాయి. సంఘం డైరెక్టరీలోంచి తీసిన శేఖర్ ఫోటో, దాని కింద 'చూపు పొందిన యువకుని సాక్ష్యం' అని ఎర్రక్షరాలు. డోరా గారు వాటిని వీధి మొదలు నుంచి పంచుకుంటూ వచ్చి, సుమిత్ర చేతిలో పది పెట్టారు.

గురువారం అడ్రసు చూసుకోవడానికి కంపెనీ మనిషి వచ్చాడు. తల్లి స్కూల్లో, కొడుకు షాపులో ఉన్నారు. సుమిత్ర అతనికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చేతనైనంత మేలు చేసింది.

"గసుంటి పిలగాడు దొరకడు సార్. మొన్నటిదాంక రెండు కండ్లు కనబడకపోతుండె, పాపం. ఇప్పుడు మంచిగైంది. నమ్మకుంటే జూడుండ్రి, గీ కాయితంల ఫోటో సుత పడ్డది."

శనివారం శేఖర్‌ని ఆఫీసుకు రమ్మన్నారు. రామ్మోహనరావు అనే అధికారి కరపత్రాన్ని బల్ల మీద పరిచి, దాని పక్కన డాక్టరు రిపోర్టు పెట్టి, రెంటినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇందులో ఏది నిజమండీ?"

"రిపోర్టు నిజం సార్. నాకు ఏ రోగమూ లేదు. అది... మా అమ్మ పెట్టిన మనవి సార్." శేఖర్ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. రామ్మోహనరావు మధ్యలో ఒకసారి దగ్గాడు. నవ్వు దాచుకున్నాడో, నిజం దగ్గో చెప్పడం కష్టం.

"నేను నమ్ముతానయ్యా. కానీ వెయ్యి మంది ప్రాణాలు నీ చేతికిచ్చే ఉద్యోగం. ఫైల్లోకి ఈ కాగితం వచ్చేసింది. మీ పాస్టరు గారి దగ్గర, నీకు ఎప్పుడూ కంటి జబ్బు లేదని ఒక ఉత్తరం తీసుకురా. సోమవారం పదింటికి బ్యాచ్ మొదలవుతుంది. ఆలోపు తేవాలి."

శేఖర్ ఇంటికి వచ్చి చెప్పాడు. దేవకృపమ్మ దిద్దుతున్న పుస్తకాలు పక్కన పెట్టింది. "నేనే చేశాను కదరా ఇదంతా. నేనే సరిచేస్తాను," అంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచింది. ముప్ఫై ఏళ్లుగా అదే గుడిలో పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పిన మనిషి. ముందు బల్ల పట్టుకుంది.

"మావాడికి కళ్ల జబ్బు ఎప్పుడూ లేదు. నేను దాచాను. క్షమించండి. వాడికి ఉద్యోగం వచ్చింది, దాని కోసం కళ్ల పరీక్ష. అంతే."

"ఏం ఉద్యోగమమ్మా?" అన్నారు యేసుదాసు గారు మెల్లగా.

"మెట్రో రైలు నడుపుతాడు."

గుడిలో ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. డోరా గారు లేచి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశారు. "ఎక్కడుంది కృపా ఆ రైలు?"

"ఇంకా రాలేదు."

"పట్టాలూ?"

"వేస్తారట."

"మరి పిల్లాడు ఏం నడుపుతాడమ్మా?"

దేవకృపమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇక ఏదీ దాచకూడదనుకుంది. "ప్రస్తుతానికి ఇంట్లో కుర్చీలో కూర్చుని అట్లకాడతో నడుపుతున్నాడు. రోజూ నేను ఎక్కుతున్నాను," అంది.

ఎవరూ నవ్వలేదు. అదే ఘోరం. వెనక వరసలో ఎవరో "అయ్యో తండ్రీ" అన్నారు. శేఖర్ లేచి, "నిజమండీ, అమ్మ చెప్పేదంతా నిజం," అన్నాడు. తల్లిని అంత ఓపిగ్గా కనిపెట్టుకుంటున్న కొడుకును చూసి ఇంకో నలుగురు ఏడ్చారు.

యేసుదాసు గారు మాత్రం ఉత్తరం రాసిచ్చారు. అడగ్గానే, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, కవరు అంటించి చేతిలో పెట్టారు. "అమ్మ జాగ్రత్త బాబూ," అన్నారు.

సోమవారం తొమ్మిదిన్నరకే తల్లీకొడుకులు ఆఫీసు దగ్గరున్నారు. ఆమె గేటు బయట ఆగింది. అవతల హాల్లో కొత్త బ్యాచ్ వాళ్లు తెల్లచొక్కాల్లో బారులు తీరి నిలబడ్డారు. శేఖర్ కూడా తెల్లచొక్కాలోనే ఉన్నాడు. రామ్మోహనరావు కవరు చింపి, ఉత్తరం పైకే చదివాడు.

"'జ్ఞానశేఖర్‌కు ఏనాడూ కంటి జబ్బు లేదని అతని తల్లి సంఘం ఎదుట చెప్పియున్నారు.' బాగుంది." అతని మొహం తేటపడింది. చూపు కిందికి దిగింది. "'అయితే ఈ మధ్య ఆ సహోదరికి మతి స్థిమితం తప్పిన సంగతి మీకు తెలియజేయుట నా బాధ్యత. లేని రైలు ఎక్కి తిరుగుతున్నానని చెప్పుచున్నారు. సంఘమంతా ప్రార్థించుచున్నది.'"

శేఖర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మా అమ్మకి ఏమీ లేదు సార్."

"నీ కళ్లకి కూడా ఏమీ లేదనే అన్నావు కదయ్యా." రామ్మోహనరావు గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇక నేను దీన్ని పైకి పంపాలి. కుటుంబంలో మానసిక జబ్బుల గురించి ఫారంలో ఒక గడి ఉంది. వాళ్లు డాక్టర్ల దగ్గరికి పంపుతారు, మూణ్ణెల్లో నాలుగో పడుతుంది. ఈ బ్యాచ్‌కి కుదరదు."

"మూణ్ణెల్లకి నాకు ఇరవై ఎనిమిది నిండుతాయి సార్."

రామ్మోహనరావు ఫైలు మూశాడు. హాలు తలుపు కూడా ఎవరో లోపల్నుంచి మూశారు.

గేటు దగ్గర దేవకృపమ్మ రెండు చేతులతో హ్యాండ్‌బ్యాగ్ గుండెకు అదుముకుని నిలబడి ఉంది. కొడుకు మొహం చూడగానే ఆమె మొహం నల్లబడింది. "నేను నిన్న చెప్పిందాంట్లో ఏమైనా తేడా వచ్చిందా నాన్నా? నా వల్లేనా?"

పుట్టి బుద్ధెరిగాక జ్ఞానశేఖర్ ఆడిన మొదటి అబద్ధం అదే.

"నీ వల్ల కాదమ్మా. మళ్లీ పరీక్ష చేశారు. నా కళ్లే బాగాలేవట."

దేవకృపమ్మ కొడుకు మోచెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటించింది. అతను దాటాడు. ఆ సాయంత్రం ఆమె డోరా గారికి ఫోన్ చేసి, శేఖర్ కళ్ల మనవి మొదట చెప్పినట్టే గొలుసులో ఉంచమంది.