ఎడమకు తిరగని బండి

ఆ ఉదయం సర్వేయరు వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఇంటర్వ్యూ వేళకు భార్యను ఆసుపత్రికి చేర్చాలి. దారిలో ఒక్కసారి కూడా ఎడమవైపు తిరగకూడదు. మొదటి సంగతి ఆమెకు తెలుసు. రెండోది తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆమె పదిహేనేళ్ళుగా నర్సు. హెడ్ నర్సు ఉద్యోగానికి పోయినేడు ఇదే ఆసుపత్రి పిలిస్తే, పాత స్కూటరు నడిదారిలో చతికిలబడి, తలుపులు మూసిన తరువాత చేర్చింది. ఇంటికి వచ్చి ఆమె భర్తను ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఆ మౌనం ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. అందుకే ఈసారి మళ్ళీ పిలుపు రాగానే స్కూటరును వదిలించుకుని, దృఢంగా కనిపించే పాత మోటారుసైకిలు ఒకటి కొని తెచ్చాడు. "ఇంజనుకు తిరుగులేదండీ. కాస్త మాటకారి, అంతే," అన్నాడు అమ్మినాయన. ఆ మాటను సర్వేయరు ఇంజను చప్పుడుకు మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

వారం తిరిగేలోగా బండి గుణగణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొదటి కిక్కుకు దగ్గేది, రెండోదానికి అలిగేది, ట్యాంకు మీద రెండు తట్లు తడితే గానీ లేచేది కాదు. వీటిని ఆయన ముద్దుగానే భరించాడు. నాలుగో గుణం వేరు. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పితే హారన్ దానంతట అదే మోగేది. తిన్నగా పెడితే ఊరుకునేది, కుడికి తిప్పితే పలికేదే కాదు. వైరు ఎక్కడో ఒరుసుకుపోయిందనీ, పైగా దాన్ని ఎవరో నేరుగా బ్యాటరీకి కలిపారు గనుక తాళంచెవి తీసినా ఆగదనీ మెకానిక్కు తేల్చాడు. బాగుచెయ్యడానికి బండిని తన దగ్గర వదిలి వెళ్ళమన్నాడు. వదిలితే భార్య అడుగుతుంది. అడిగితే, పాత స్కూటరునిచ్చి ఈయన ఏం తెచ్చాడో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ అయ్యాక చూసుకోవచ్చులెమ్మని ఆయన వాయిదా వేశాడు.

వృత్తిరీత్యా కోణాలు తెలిసినవాడు గనుక ఎంత వంపు వరకూ హారన్ ఓర్చుకుంటుందో కనిపెట్టి ఆ గీత దాటకుండా నడిపేవాడు. స్టాండు వేస్తే హ్యాండిల్ ఎడమకు వాలుతుంది గనుక ఇంటిదగ్గర బండిని గోడకు ఆనించి, హ్యాండిల్‌ను కుడికి తిప్పి, కిటికీ ఊచకు తాడుతో కట్టేవాడు. "కట్టెయ్యకపోతే పారిపోతుందా?" అని భార్య ఒకసారి అడిగింది. కొత్త మోజు అనుకుని అంతటితో వదిలేసింది.

ఆసుపత్రికి దగ్గరిదారి వీధి చివర ఎడమకు. ఆయన కుడికి తిప్పాడు. కాసేపటికి మళ్ళీ కుడికి, ఆ తరువాత మళ్ళీ కుడికి. అటు ఎండ తక్కువని ఒకసారి, ఇటు రోడ్డు తవ్వారని ఒకసారి సర్దిచెప్పాడు. వెనక కూర్చున్న ఆమె ఇందాక దాటిన మంగలి దుకాణాన్నే రెండోసారి దాటడం గమనించింది. లక్షణాన్ని బట్టి జబ్బును పట్టుకోవడం అలవాటైన మనిషి. భర్త తప్పించుకు తిరుగుతున్న వీధి ఏదో, ఆ వీధిలో ఎవరి ఇల్లుందో లెక్క కట్టుకుంది. అది ఆమె అన్నగారి ఇల్లు.

"ఏమండీ, మా అన్నయ్య ఇంటి ముందునించి వెళ్ళడానికి మీకు నామోషీగా ఉందా?"

హారన్ సంగతి ఒప్పుకోవాలి, లేదా లేని తగాదాను ఒప్పుకోవాలి. రెండోది ఆయనకు చిన్నదిగా కనిపించింది.

"ఆయన మాటతీరు నాకు నచ్చలేదులే."

"ఏ మాట?"

"ఏదో ఒకటిలే. వదిలెయ్."

"వదిలెయ్యడమేమిటి? తిప్పండి ఎడమకి. పోతూపోతూ అన్నయ్యని చూసి ఒక నవ్వు నవ్వండి చాలు, మిగతాది నేను సాయంత్రం చూసుకుంటా."

వేళ దగ్గరపడుతోంది, అదే దగ్గరిదారి. ఇక కాదనడానికి ఆయన దగ్గర ఎండా మిగల్లేదు, గుంతలూ మిగల్లేదు. తిప్పాడు. హారన్ అందుకుంది. కంగారులో మామూలుకన్నా ఎక్కువే తిప్పాడేమో, తిన్నగా పెట్టిన తరువాత కూడా అది ఆగలేదు.

అన్నగారు మెట్లమీద నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. చెల్లెల్ని చూసి చెయ్యెత్తాడు. ఆపితే బండి మళ్ళీ ఎప్పుడు లేస్తుందో తెలియదు గనుక సర్వేయరు ఆపలేదు. నవ్వమన్న నవ్వు గుర్తుకే రాలేదు. ఆమె మాత్రం "ముందు ఆ చెయ్యి తియ్యండి" అని భర్త చెవిలో అరుస్తూ, ఆయన చెయ్యి అసలు హారన్ మీద లేదని చూసి కొయ్యబారిపోయింది. బిగుసుకుపోయిన చెల్లెలు, వెనుదిరిగి చూడని బావ, ఎడతెగని హారన్. ఈ మూడింటినీ కలిపితే అన్నగారికి ఒకటే అర్థం తోచింది. నోట్లో నురగతోనే కారెక్కాడు.

ఆ మోతకు ముందున్న బళ్ళన్నీ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు మిగతా బళ్ళన్నిటినీ ఆపి, వీళ్ళను పొమ్మని చెయ్యి ఊపాడు. ఆసుపత్రి కాపలాదారు అంబులెన్సులకు తీసే పెద్ద గేటు తీశాడు. బండి నిలిచేలోపే స్ట్రెచరు ఎదురొచ్చింది.

తనకేమీ కాలేదనీ, ఇంటర్వ్యూకి వచ్చాననీ ఆమె చెప్పింది. "అలాగేనమ్మా, ముందు పడుకోండి," అన్నారు స్ట్రెచరు తెచ్చినవాళ్ళు, జ్వరంలో మాట్లాడేవాళ్ళతో అన్నట్టు. సర్వేయరు నోరు తెరిచాడు గాని ఆ మోతలో ఆయన మాట ఆయనకే వినపడలేదు. ముందు దాని నోరు మూయించమని సైగచేస్తూ కాపలాదారు అడ్డం నిలిచాడు. ఇంతలో అన్నగారు టూత్‌బ్రష్షు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చి, చెల్లెలు తనను చూసి కూడా పలకలేదని డాక్టరుకు చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. దానితో కేసు రుజువైపోయింది. చూస్తే, కోపానికి ఆమె రక్తపోటు కూడా తగినంత ఎక్కువగానే వచ్చింది.

"ఈ స్థితిలో మీరు లేవకూడదండి," అన్నాడు డాక్టరు.

స్ట్రెచరుకు ఎదురుగా గోడగడియారం ఉంది. పెద్దముల్లు ఇంటర్వ్యూ వేళను దాటిపోయేదాకా ఆమె వాదించింది. దాటాక మానేసింది. అద్దాల తలుపు అవతలనుంచి సర్వేయరు ఆమె ముఖాన్ని చూశాడు. పోయినేటి గిన్నెల నాటి ముఖం అది.

ఆయన వెనక్కి పరుగెత్తి, దొరికిన వైర్లన్నీ గుప్పిట పట్టి పీకాడు. మోత ఆగింది. అంతటా ఒక్కసారిగా నిశ్శబ్దం.

"తనకేం లేదు డాక్టరుగారూ," అన్నాడు లోపలికొచ్చి, రొప్పుతూ. "ఎడమకు తిప్పితే ఆ బండి అరుస్తుంది. కొన్నప్పటినించీ అంతే. నేనే దాచాను."

"మరి అన్నయ్య మాటతీరు?" అంది ఆమె, పడుకునే.

"అది నేను కల్పించింది."

"నా మాటతీరుకేమైంది?" అన్నాడు అన్నగారు.

ఇంతలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె మేడమెట్లు దిగి వచ్చింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు పెద్ద ఆమే. ఆ మోత ఆపిన పుణ్యాత్ములెవరని అడిగింది. దానివల్ల పైన ప్రశ్న అడిగితే వినపడక, జవాబు చెప్తే వినపడక, ఇంటర్వ్యూలు ఇంకా మొదలే కాలేదట. స్ట్రెచరు మీద ఆమె చప్పున లేచి కూర్చుంది.

"వచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్నండీ."

పెద్దావిడ ఆమె చేతికి ఇంకా చుట్టి ఉన్న రక్తపోటు పట్టీనీ, పక్కన యంత్రంలోని అంకెనీ చూసింది. "ఇంత రక్తపోటుతో పైకి రాగలరా?"

"మా ఆయన్ని కిందే ఉంచితే తగ్గిపోతుందండీ."

పెద్దావిడ నవ్వు దాచుకోలేదు. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

మెకానిక్కు వైర్లన్నీ కొత్తవి వేశాడు. అన్నగారు మాత్రం ఊరుకోలేదు. కల్పించడానికి ఇన్ని ఉండగా తన మాటతీరునే ఎందుకు కల్పించాడని చెల్లెల్ని అడిగాడు, బంధువుల్ని అడిగాడు, చివరికి అడగడం మానేసి బావతో మాట్లాడటమే మానేశాడు. బండి ఇప్పుడు ఎడమకు చప్పుడు లేకుండా తిరుగుతుంది. సర్వేయరే ఆ వీధిలోకి తిరగడం లేదు.